ఆకుపచ్చ తేనీరు - కాచే తీరు, తాగే వేళ

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

మన చీరాలలో టీ లేనిదే ఏ పనీ మొదలుకాదు. రైలు దిగినవాడికి టీ, పాఠం ముగించిన మాస్టారికి టీ, జాండ్రపేటలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న నేతగాడికి పూటకు రెండు టీలు. ఈ కుటుంబంలోకి ఇటీవల గ్రీన్ టీ అనే కొత్త కోడలు అడుగుపెట్టింది. వస్తూనే పేరు తెచ్చుకుంది. ఒళ్ళు తగ్గుతుందని ఒకరు, షుగరు రాదని మరొకరు, గుండెకు మంచిదని ఇంకొకరు. మా గదిలో నలుగురం ఉంటే ఇద్దరి దగ్గర ఆ పొట్లాలున్నాయి. రసాయనశాస్త్రం చదువుతున్నవాణ్ణి గనుక అసలు సంగతేమిటో చూద్దామని బయలుదేరాను. వెతకబోయింది గ్రీన్ టీ గురించి. చివరకు దొరికింది మా ఇంటి సంగతి. రెండూ వరుసగా మనవి చేస్తాను.

ఒకే ఆకు, రెండు రంగులు

గ్రీన్ టీ వేరే చెట్టు ఆకు అని చాలామంది అనుకుంటారు. కాదు. అస్సాం నుండి, నీలగిరి కొండల నుండి మనకు వచ్చే టీ పొడీ, ఈ ఆకూ ఒకే మొక్కవి. దాని శాస్త్రీయ నామం కామెల్లియా సైనెన్సిస్. తేడా అంతా ఆకు కోసిన తర్వాత జరిగే పనిలో ఉంది.

తరిగిన వంకాయ ముక్క నీళ్ళలో వేయకపోతే నల్లబడడం అందరం చూసిందే గదా. ముక్కలోని ఎంజైము గాలిలోని ఆక్సిజన్ సాయంతో పాలీఫినాల్స్ అనే పదార్థాలను మార్చివేస్తుంది. టీ ఆకును వాడబెట్టి, నలిపి, గాలికి వదిలినప్పుడు జరిగేదీ ఇదే. అందులోని కాటెచిన్లు థియాఫ్లావిన్లు, థియారూబిజిన్లు అనే ఎర్రని పదార్థాలుగా మారతాయి. మన డికాషను రంగు వాటిదే. గ్రీన్ టీ చేసేవారు కోసిన ఆకుకు ముందే వేడి తగిలిస్తారు. చైనాలో ఎక్కువగా పెనం మీద వేయిస్తారు, జపానులో ఆవిరి పడతారు. ఆ వేడికి ఎంజైము పని ఆగిపోతుంది, కాటెచిన్లు నిలిచిపోతాయి.

గ్రీన్ టీ నుండి కాటెచిన్‌ను 1929లో వేరుచేసి చూపినది మిచియో సుజిమురా అనే జపాను శాస్త్రవేత్త. 1932లో వ్యవసాయ శాస్త్రంలో డాక్టరేటు పొందిన ఈమె, ఆ దేశంలో ఆ పట్టం అందుకున్న మొదటి మహిళ.

కాచే తీరు

మొదటిసారి నేను అలవాటు కొద్దీ పాలు, పంచదార వేసి అయిదు నిమిషాలు మరగబెట్టాను. వేపాకు కషాయానికీ దానికీ తేడా తెలియలేదు. తప్పు ఆకుది కాదు, నాది. నీళ్ళ వేడి పెరిగేకొద్దీ, నానే సమయం పెరిగేకొద్దీ చేదు, వగరు ఇచ్చే కాటెచిన్లు, కెఫీన్ ఎక్కువగా దిగుతాయి. కమ్మదనం ఇచ్చే థియనిన్ అనే ఎమైనో ఆమ్లం అంత వేడి లేకపోయినా దిగుతుంది. కాబట్టి గ్రీన్ టీని మరిగించకూడదు, నానబెట్టాలి.

గ్లాసు నీళ్ళకు చెంచాడు ఆకు, అనగా సుమారు 2 గ్రాములు చాలు. నీళ్ళు తెర్లిన తర్వాత పొయ్యి ఆర్పి, మూత తీసి కొంచెం సేపు ఆగాలి. వేడి 75-80 డిగ్రీలకు దిగాక ఆకు వేసి, మూతపెట్టి, రెండు మూడు నిమిషాల్లో వడగట్టాలి. మన ఎండాకాలానికి ఇంకో మార్గముంది. మంచినీళ్ళలో ఆకు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే చేదూ, కెఫీనూ తక్కువగా దిగుతాయి. ఏ టీ అయినా పొగలు కక్కుతుండగా గొంతులో పోసుకోకూడదు. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సరుకు కారణం కావచ్చునని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో హెచ్చరించింది.

మేలు ఎంత?

జపానులోని ఒసాకి ప్రాంతంలో 40,530 మందిని ఏళ్ళ తరబడి గమనించి, ఫలితాలను 2006లో ప్రకటించారు. రోజుకు అయిదు కప్పులు, అంతకు మించి తాగేవారిలో గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు తక్కువగా కనిపించాయి. క్యాన్సర్ మరణాల్లో తేడా కనిపించలేదు. అయితే ఇది గమనించి చెప్పిన మాట మాత్రమే. ఆ తాగేవారి తిండి, అలవాట్లు కూడా వేరుగా ఉండవచ్చు గదా! ఇక ఒళ్ళు తగ్గే సంగతి. అనేక ప్రయోగాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2012లో తేల్చినదేమంటే, తగ్గే బరువు లెక్కలోకి వచ్చేటంత కాదు. గ్రీన్ టీ సారాన్ని మాత్రలుగా మింగేవారు మరీ జాగ్రత్తపడాలి. అందులోని ముఖ్య కాటెచిన్ రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన మాత్రల రూపంలో తీసుకుంటే కాలేయానికి చెరుపు కలగవచ్చునని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో తెలిపింది.

అంటే, కాచి తాగే గ్రీన్ టీ మంచి పానీయమే గాని మందు కాదు.

అన్నభేది కథ

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాది పర్చూరు వైపు నల్లరేగడి, మిరప, పత్తి. మిరప కోతల రోజుల్లో అమ్మ కూడా కూలీలతో పాటు చేలోనే ఉంటుంది. పొద్దున చద్దన్నం, దాని వెనకే టీ. మధ్యాహ్నం అన్నం, దాని వెనకే టీ. నిరుడు ఆయాసం, కళ్ళు తిరగడం ఎక్కువై రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తొమ్మిది. పన్నెండుకు తగ్గకూడదు. ఐరన్ మాత్రలు ఇచ్చారు. నెల గడిచినా ఫలితం లేదు. సెలవులకు వెళ్ళినప్పుడు చూద్దును గదా, అమ్మ మాత్ర వేసుకుంటున్నది టీతో! "నీళ్ళతో మింగితే వికారంగా ఉంటోందిరా" అంది.

నేనొక మాత్ర నూరి, పాలు పోయని డికాషనులో కలిపి చూపించాను. చూస్తుండగానే సిరాలా నల్లబడింది. ఇందులో వింతేమీ లేదు. పూర్వం బడిపిల్లలు రాసిన సిరా కరక్కాయ, అన్నభేది కలిపి చేసిందే. పెడన అద్దకంలో నలుపు వచ్చేది కూడా కరక్కాయ రసం పట్టించిన బట్ట మీద ఇనుప ద్రావకం వేయడం వల్లనే. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు. అమ్మ మింగే మాత్రలో ఉన్నదీ అదే. కరక్కాయ వగరూ, టీ వగరూ పాలీఫినాల్స్‌వే. అవి ఇనుమును పట్టుకుంటే ఆ జంట కరగదు, పేగు పీల్చుకోలేదు.

దక్షిణాఫ్రికా పరిశోధకులు 1975లోనే ఈ మాట ప్రయోగపూర్వకంగా చెప్పారు. శాకాహారం ఎక్కువగా తినేవారికి భోజనంతో తాగే టీ ఇనుము లోపానికి తోడ్పడవచ్చునన్నారు. 1982లో స్వీడనులో చూసినప్పుడు, భోజనంతో పాటు తాగిన టీ వల్ల ఒంటికి పట్టే ఇనుము బాగా తగ్గింది. కాటెచిన్లు నిండుగా ఉన్న గ్రీన్ టీకి కూడా ఈ గుణం ఉంది. అయితే 2017లో బ్రిటన్‌లో స్త్రీల మీద జరిపిన ప్రయోగంలో, భోజనానికీ టీకీ మధ్య గంట ఎడం ఇస్తే ఈ నష్టం చాలావరకు తగ్గింది.

రక్తహీనతకు టీ ఒక్కటే కారణమని నేననడం లేదు. చాలని తిండి, నులిపురుగులు, రక్తస్రావం, ఎన్నో ఉన్నాయి. కాని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో సగానికి మించి రక్తహీనులని తేలిన చోట, పైసా ఖర్చులేని ఈ గంట ఎడం చిన్న విషయమా?

అమ్మ టీ మానలేదు. "అది లేకపోతే తల పగిలిపోతుందిరా" అంటుంది. మాత్ర మాత్రం నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటోంది, టీని గంటన్నర వెనక్కి జరిపింది. మూడు నెలలకు పదిన్నర వచ్చింది. అంతకన్న నాకు తృప్తినిచ్చింది మరొకటుంది. చేలో కూలీలకు టీ పంపేది మేమే. తిండితో పాటే క్యాను పంపింది ఇన్నాళ్ళూ మేమే. ఈ ఏడు కోతలకు చద్దన్నాలు ఎనిమిదింటికి, టీ క్యాను తొమ్మిదిన్నరకు వెళ్ళింది.

మిత్రులారా, పచ్చదో ఎర్రదో మీ ఇష్టం. అన్నం తిని లేచీ లేవగానే క్యాంటీను వైపు నడిచేముందు మాత్రం ఒక్కసారి గడియారం చూసుకోండి.