చిన్న కుక్క గుండె, పెద్ద కుక్క గుండె: ఏది మామూలు కొలత?

సూరత్‌లో వజ్రాలు సానపట్టేవారికి తెలిసిన లెక్క ఒకటుంది. ఒక క్యారట్ గుండ్రని వజ్రం వెడల్పు సుమారు 6.5 మిల్లీమీటర్లు. రెండు క్యారట్లదైతే 13 ఉండదు, 8 పైచిలుకు అంతే. బరువు రెట్టింపైనా వెడల్పు పెరిగేది పావు వంతే. కుక్క గుండెదీ ఇంచుమించు ఇదే లెక్క.

ఆ ఊళ్లోని పశువైద్యుడి దగ్గరికి ఒకే రోజు 5 కిలోల పామెరేనియన్, 30 కిలోల లాబ్రడార్ వచ్చాయనుకుందాం. ఎకో పరీక్షలో ఎడమ జఠరిక రక్తంతో నిండినప్పటి లోపలి వెడల్పు రెండింటికీ 3.8 సెంటీమీటర్లే వచ్చింది. లాబ్రడార్‌కు అది మామూలే. పామెరేనియన్‌కైతే గుండె బాగా ఉబ్బినట్టు!

ఈ తేడాను అంకెల్లో పెట్టడానికి కార్నెల్, కిటిల్‌సన్ తదితరులు 494 ఆరోగ్యమైన కుక్కల కొలతలను విశ్లేషించి 2004లో ప్రచురించారు. జఠరిక వెడల్పు శరీర బరువుకు 0.294 ఘాతంలో పెరుగుతోందని తేలింది. ఘనమూలమంటే 0.333 కదా, దానికి దగ్గరే. గుండె ఘనపరిమాణం బరువుతో పాటు పెరిగితే, దాని వెడల్పు ఘనమూలంలోనే పెరగాలి మరి. కొలిచిన వెడల్పును ఆ ఘాతంతో భాగిస్తే, ఆరోగ్యమైన కుక్కల్లో ఎక్కువ భాగానికి 1.27 నుంచి 1.85 మధ్య వస్తుంది. మన లాబ్రడార్‌కు 1.4, పామెరేనియన్‌కు దాదాపు 2.4.

ఎడమ కర్ణిక విషయంలో ఇంత లెక్క అక్కర్లేదు. పక్కనే ఉన్న బృహద్ధమనితో పోల్చి చూస్తారు. కుక్క తన కొలబద్దను తానే మోసుకొస్తుందన్నమాట.

ఇదంతా ఎందుకంటే, చిన్న జాతుల్లో వయసు మీదపడ్డాక ద్విపత్ర కవాటం చెడిపోవడం చాలా మామూలు. దగ్గు, ఆయాసం మొదలయ్యేలోపే గుండె ఉబ్బుతుంది. 2016లో వెలువడిన ఎపిక్ అధ్యయనం అలాంటి 360 కుక్కలను పరిశీలించింది. వాటి జఠరిక అంకె కనీసం 1.7, కర్ణిక నిష్పత్తి కనీసం 1.6. పిమోబెండాన్ మందు వాడినవాటిలో గుండె వైఫల్యం లేదా గుండెజబ్బుతో మరణం సగటున దాదాపు 15 నెలలు వెనక్కి జరిగింది. అంటే మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది ఈ కొలతల మీదే ఆధారపడుతుంది.

అయితే సూత్రం అన్నిచోట్లా సరిపోదు. గ్రేహౌండ్ లాంటి పరుగు జాతులకు పుట్టుకతోనే గుండె పెద్దది. ఇక మన ఇళ్లలో కూర్చుని తిని కొవ్వు పట్టిన లాబ్రడార్ సంగతి వేరు. ఒళ్లు పెరిగినంత మాత్రాన గుండె పెరగదు. తూకంలో కనిపించిన బరువునే సూత్రంలో వేస్తే, ఉబ్బిన గుండె కూడా మామూలుగా కనబడవచ్చు. అలాంటి కుక్కకు ఉండాల్సిన బరువును అంచనా వేసి లెక్కకట్టడం మేలు.