ఆదోని కొండ కింద నేరాల నడక

చీకటి పడేసరికి లండన్‌ వైట్‌చాపెల్ వీధుల్లో జనం గుంపులు కడతారు. ముందు గైడు, వెనక టికెట్టు కొన్నవాళ్లు. 1888లో ‘జాక్ ది రిప్పర్’ ఐదుగురు ఆడవాళ్లను పొట్టన పెట్టుకున్న చోట్లన్నీ తిప్పి చూపిస్తారు. వాడెవడో నేటికీ తేలలేదు. వ్యాపారం మాత్రం తగ్గలేదు. చచ్చిపోయిన ఐదుగురూ ఎలా బతికారో చెబుతూ హ్యాలీ రూబెన్‌హోల్డ్ ఒక పుస్తకం రాసింది 2019లో. అంటే నూట ముప్ఫై ఏళ్ల తర్వాత!

మనకు అలాంటి టికెట్టు లేదు గానీ, దాని చిన్న తమ్ముడు ఉన్నాడు. కర్నూలు కొండారెడ్డి బురుజు. ఒకప్పుడు అందులో బంధించిన కొండారెడ్డి పేరే దానికి నిలిచింది. సొరంగం తవ్వి తప్పించుకున్నాడని చెప్పుకుంటారు. అయితే బురుజు ముందు ఫోటో దిగేవాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది ఆ ఖైదీ కాదు, 2003లో వచ్చిన ‘ఒక్కడు’లో మహేష్‌బాబు ప్రకాష్‌రాజ్‌ను కొట్టిన సీను. ఫ్యాక్షన్ గడ్డ మీద జనం చూడ్డానికి వచ్చే నేరం కూడా సినిమాదే.

నిజమైన నడక పెట్టాలంటే పడమటి తాలూకాలకు రావాలి. ఆదోనిలో అయితే తెల్లవారి ఆరింటికే బయల్దేరాలి, పొద్దెక్కితే కోట గుండ్లు కాలిపోతాయి. మొదటి మజిలీ షాహీ జామియా మసీదు. బీజాపూర్ సుల్తానుల తరఫున కోటను ఏలిన సిద్ది మసూద్‌ఖాన్ దాన్ని ప్రాణంగా కట్టించుకున్నాడు. 1688లో ఔరంగజేబు సేన ముట్టడించింది. కోట లొంగకపోతే ఫిరంగులు మసీదు వైపు తిప్పారనీ, అది చూడలేక మసూద్‌ఖాన్ తలుపులు తీశాడనీ కథ. ఇప్పటి మాటల్లో దీన్ని బ్లాక్‌మెయిల్ అంటారు. గెలిచినవాడు చేస్తే చరిత్రలో దండయాత్ర అవుతుంది.

రెండో మజిలీ కరువుది. 1953 దాకా ఆదోని బళ్లారి జిల్లాది. 1876-78 నాటి ధాత కరువు బళ్లారినీ కర్నూలునూ ఊడ్చేసింది. కరువు పనుల్లో మగవాడి రోజుకూలిని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ 1877లో ఒక పౌను ధాన్యం, కాస్త చిల్లరకు కుదించాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. దానికి పొద్దంతా రాళ్లు కొట్టాలి. తిండిగింజల కోసం దొంగతనాలు, దోపిళ్లు పెరిగి మద్రాసు ప్రెసిడెన్సీ జైళ్లు కిక్కిరిశాయి. జైలుకు పోతే కూడైనా దొరుకుతుంది మరి. ఈ మజిలీలో గైడు చూపించడానికి రక్తపు మరక ఉండదు, పేరున్న హంతకుడూ ఉండడు.

  

అసలు కష్టం ఆదోని కోర్టు ముందు మొదలవుతుంది. దేవనకొండ మండలం కప్పట్రాళ్ల ఫ్యాక్షన్ నాయకుణ్నీ ఆయన అనుచరులనూ 2008 మే నెలలో దారికాచి చంపారు. ఆ కేసులో ప్రత్యర్థి వర్గం వాళ్లకు యావజ్జీవ శిక్ష పడింది ఇక్కడే, 2014 డిసెంబరులో. ఆ తర్వాత అప్పటి జిల్లా ఎస్పీ ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నారు. వైట్‌చాపెల్ గైడుకు ఈ చిక్కు లేదు: అతని కథలోని వాళ్లంతా ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు. కప్పట్రాళ్ల కథ చెబుతుంటే వినేవాళ్లలో ఎవరు ఏ పార్టీ వాళ్లో గైడుకెలా తెలుస్తుంది? కొడవలి ఎలా లేచిందో వర్ణిస్తే ఒక ఇంటివాళ్లకు అది పౌరుషం, ఇంకో ఇంటివాళ్లకు పచ్చిపుండు.

ఇటలీలో పాలెర్మో వాళ్లు దీనికి ఒక దారి వెతుక్కున్నారు. ‘అడియోపిజ్జో’ పేరుతో జరిగే నడకల్లో మాఫియా దొరల ఇళ్లు చూపించరు. మామూళ్లు కట్టబోమని ఎదురుతిరిగిన దుకాణాలకు తీసుకెళ్తారు. అక్కడే బన్ను కొనుక్కుని తిని, అంగడి యజమాని చెప్పింది వింటారు.

అలాంటి మజిలీ కావాలంటే మనకూ ఒకటుంది. ఆదోనిలో రైలెక్కి దక్షిణంగా గుంతకల్లులో దిగాలి. 1893 అక్టోబరు 4న అక్కడ ఇద్దరు ఆడవాళ్ల వెంట తెల్ల సిపాయిలు పడ్డారు. రైల్వే గేటు దగ్గర కాపలా ఉన్న హంపన్న వాళ్లను తన గదిలోకి తీసుకుని అడ్డంగా నిలబడ్డాడు. సిపాయి తుపాకి పేలింది. హంపన్న బతకలేదు. గుత్తి వకీలు కేశవపిళ్లై ఆ సంగతిని పత్రికకెక్కించి, వదలకుండా పోరాడాడు. మద్రాసు హైకోర్టులో విచారణ జరిగింది, నిందితుడు నిర్దోషిగా బయటికొచ్చాడు. హంపన్నకు జనం స్మారకం నిలిపారు.