ఏటా కొత్త బ్యాచ్‌కు ఆట నేర్పే సారు

కోచ్ అనగానే మన కళ్ల ముందు మెదిలేవి టీవీలో కనిపించే పెద్ద పేర్లే. తొర్రూరు లాంటి చిన్న పట్టణం నుంచి పిల్లల్ని బస్సెక్కించి జిల్లా కబడ్డీ, ఖో-ఖో పోటీలకు తీసుకెళ్లే పీఈటీ సారు గానీ, కాలేజీ పీడీ గానీ ఆ వరుసలోకి రారు. ఒకప్పుడు తాను బాగా ఆడి, తర్వాత బడిలోనో కాలేజీలోనో చేరి, ఏటా వచ్చే కొత్త పిల్లలకు మళ్లీ మొదటి నుంచి ఆట నేర్పే మనిషిని మనం చిన్న ఉద్యోగిగానే లెక్కేస్తాం. ఈ లెక్క తప్పు. కోచ్‌గా ఎదగడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఈ మాటకు సాక్ష్యం కావాలంటే మనకు బొత్తిగా పరిచయం లేని ఆటను ఒకసారి చూడాలి, ఆ తర్వాత మన హైదరాబాద్‌కే రావాలి.

ఆ పరిచయం లేని ఆట ఐస్ హాకీ. గడ్డకట్టిన మంచు మీద, కాళ్లకు స్కేట్లు కట్టుకుని, గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో జట్టుకు ఆరుగురు ఆడతారు. బంతికి బదులు బిళ్లలా ఉండే గట్టి రబ్బరు ముక్క ఉంటుంది. వేగం ఎంతంటే ఒక ఆటగాడు నిమిషం లోపే అలసిపోయి బయటికి వస్తాడు, ఇంకొకడు లోపలికి దూకుతాడు. ఎవరిని ఎప్పుడు దించాలన్నది ఆట సాగుతుండగానే కోచ్ తేల్చుకోవాలి. అమెరికాలో కాలేజీ జట్లకు ఈ ఆటలో పెద్ద పేరుంది. అయితే కాలేజీ కోచ్‌కు ఒక చిక్కు ఉంది. ఎంత గొప్పగా తీర్చిదిద్దినా కుర్రాళ్లు నాలుగేళ్లలో చదువు ముగించుకుని వెళ్లిపోతారు. అందుకే ఒక జట్టును తయారుచేస్తే అతని పని అయిపోదు. జట్లను తయారుచేసే పద్ధతి ఒకటి అతని చేతిలో ఉండాలి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే ఆడిన హెర్బ్ బ్రూక్స్‌కు ఆ పద్ధతి దొరికింది. 1960 ఒలింపిక్స్‌కు వెళ్లే అమెరికా జట్టు నుంచి చిట్టచివర తీసేసింది అతన్నే. ఆ జట్టు స్వర్ణం గెలిచింది. తర్వాత 1964, 1968 ఒలింపిక్స్‌లో ఆడినా అతనికి పతకం రాలేదు. 1972లో తన పాత విశ్వవిద్యాలయానికే కోచ్‌గా వెళ్లి, అట్టడుగున ఉన్న జట్టును చేతిలోకి తీసుకుని 1974, 1976, 1979లో జాతీయ కాలేజీ టైటిళ్లు గెలిపించాడు.

1980లో లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌కు అమెరికా జట్టును అతనికి అప్పగించినప్పుడు ఎంపికైన ఇరవై మందిలో తొమ్మిది మంది మిన్నెసోటాలో అతని దగ్గర ఆడినవాళ్లే. అంతకుముందు వరుసగా నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన సోవియట్ జట్టు, ఒలింపిక్స్‌కు కొద్ది రోజుల ముందు న్యూయార్క్‌లో ఈ కుర్రాళ్లను 10-3తో చిత్తు చేసింది. ఫిబ్రవరి 22న అదే సోవియట్ జట్టును వీళ్లు 4-3తో ఓడించి, ఆ తర్వాత ఫిన్లాండ్‌పై గెలిచి స్వర్ణం అందుకున్నారు. దీన్ని అద్భుతం అని చెప్పుకుంటూ వచ్చారు. నాకైతే ఇందులో ఏడేళ్ల పాఠం చెప్పిన మాస్టారి కష్టమే ఎక్కువ కనిపిస్తుంది. ఏ కుర్రాడు ఎక్కడ తడబడతాడో, ఎవరిని మందలించాలో, ఎవరిని వదిలేయాలో అతనికి ముందే తెలుసు. ఆ ఎరుక నెల రోజుల శిక్షణ శిబిరంలో వచ్చేది కాదు.

మన దగ్గర దీనికి సాటి వచ్చే జీవితం సయ్యద్ అబ్దుల్ రహీంది. 1909లో పుట్టిన రహీం ఉస్మానియాలో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడారు, తర్వాత హైదరాబాద్ బడుల్లో టీచరుగా పనిచేశారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఆటగాడిగా దేశమంతా తెలిసిన పేరేమీ కాదు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉన్నారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ దాకా వెళ్లిన తొలి జట్టు మనదే.

ఈ గెలుపుల వెనక రహీం ఎంచుకున్న దారి చూస్తే ఆయన టీచరుతనం తెలిసిపోతుంది. పిల్లలు బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకుని ఒంటరిగా పరుగెత్తడం మానాలని, డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో పోటీలు పెట్టారు. కుడికాలు వాటం ఉన్నవాడికి ఎడమకాలు కూడా పనిచేయాలని, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టారు. కొత్త సామాను అక్కర్లేదు, అదే బంతి, అదే గ్రౌండ్. మారింది నిబంధన ఒక్కటే. పిల్లవాడికి ఏది రాదో పసిగట్టి, అది చేయక తప్పని లెక్క ఇవ్వడం క్లాసులో సార్లు చేసే పనే కదా. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లోనూ అంతే. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడితే, రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, ముందు వరుసలో ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1 గెలుపులో ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. అప్పటికే రహీంకు క్యాన్సర్. 1963 జూన్‌లో ఆయన కన్నుమూశారు.

దీనికి ఎదురుమాట లేకపోలేదు. పుల్లెల గోపీచంద్ సంగతేమిటని అడుగుతారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన ఆటగాడు, తర్వాత సైనాకు, సింధుకు ఒలింపిక్ పతకాల దారి చూపిన కోచ్. నిజమే, ఛాంపియన్ మంచి కోచ్ కాలేడని ఎవరూ అనలేరు. కానీ గోపీచంద్‌ను చిన్నప్పుడు హైదరాబాద్‌లో తీర్చిదిద్దిన ఎస్.ఎం. ఆరిఫ్ ఆల్ ఇంగ్లండ్ గెలిచినవారు కాదు. గోపీచంద్ కూడా టైటిల్ చేతిలో ఉంది కదా అని ఊరుకోలేదు. ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టి, తెల్లవారకముందే కోర్టు మీదికి వచ్చి, ఏళ్ల తరబడి ఒకే చోట కుదురుకున్నారు. ఆయనకు కలిసొచ్చినది కీర్తి కన్నా ఆ కుదురే అని నా నమ్మకం.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. అమెరికా కాలేజీలకు డబ్బుంది, స్టేడియాలున్నాయి, మన మండలాల్లో ఏముందని. డబ్బు లేదన్నది కాదనలేం. అయినా పర్వతగిరి మండలం కల్లెడను చూడండి, తొర్రూరుకు అదేమీ పరాయి ప్రాంతం కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో పోటీపడిన వర్ధినేని ప్రణీతది ఆ ఊరే. 2024 మేలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవారి) విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పి, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన జీవన్‌జీ దీప్తిదీ ఆ ఊరే. కూలిపని చేసుకునే ఇంటి పిల్ల. పెద్ద కోచ్‌లు, హైదరాబాద్ శిక్షణ, పోషకాహారం అన్నీ తర్వాత వచ్చాయి. ఆ పిల్ల పరుగులో ఏదో ఉందని మొదట గుర్తించింది బడిలోని పీఈటీ. అకాడమీ ఎంత గొప్పదైనా తన గేటు దగ్గరికి వచ్చిన పిల్లనే చూడగలదు. గేటు దాకా రాలేని పిల్ల రోజూ కనిపించేది గేమ్స్ పీరియడ్‌లోనే. ఆ పీరియడ్‌ను పదో తరగతి లెక్కలకో, సైన్సుకో ఇచ్చేసినప్పుడు మనం పోగొట్టుకునేది ఇదే.

రహీం పోయాక భారత్ ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మళ్లీ స్వర్ణం గెలవలేదు. బ్రూక్స్ వెళ్లిపోయాక మిన్నెసోటా మాత్రం 2002, 2003లో మళ్లీ జాతీయ టైటిళ్లు గెలిచింది. రహీంది చిన్న ప్రతిభ కాబట్టి ఇలా జరగలేదు. అక్కడ విశ్వవిద్యాలయంలో కోచ్ పోస్టు శాశ్వతంగా ఉంది, మనిషి మారినా పని నడిచింది. ఇక్కడ పద్ధతంతా ఒక మనిషి తలలో ఉండిపోయింది. మనం దిద్దుకోవలసింది ఇక్కడే. పీఈటీ, పీడీ పోస్టు ఖాళీ అయితే లెక్కల సారు పోస్టు ఖాళీ అయినంత తొందరగా నింపాలి. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చేయాలనుకునే సారుకు జీతంతో సెలవివ్వాలి. ఏ పిల్లకు ఏ ఆట నప్పుతుందో సారు రాసుకున్న రిజిస్టర్ తర్వాత వచ్చే సారు చేతికి అందాలి. ఆరో తరగతిలో చేరిన పిల్ల పదో తరగతి దాటేదాకా ఒకే సారు కళ్ల ముందు ఆడితే ఐదేళ్ల పరిశీలన ఆయన చేతికొస్తుంది. బదిలీల కౌన్సెలింగ్‌లో పీఈటీల పేర్లు వచ్చినప్పుడు ఈ ఐదేళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలని తల్లిదండ్రులు అడగవచ్చు, అడగాలి కూడా.