మీకు తెలుసా? హెడ్‌ఫోన్‌లో వంత 15 మీటర్లు వెనక్కి జరుగుతాడు!

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ తంబుర మీటుతూ కథ చెబుతుంటే, డక్కీలతో వంతలు (పక్క కథకులు) ఇరుపక్కలా నిలబడేవారు. 40 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు దాదాపు 355 మీటర్లు పోతుంది. అంత దగ్గరలో ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపే. తాళానికి ఢోకా లేదు.

అదే ఇంట్లో ఒక్కరే డక్కీ ఒక ట్రాకులో, పాట ఇంకో ట్రాకులో రికార్డు చేస్తే? 48,000 హెర్ట్జ్ శాంపిల్ రేటు దగ్గర బఫర్ (కంప్యూటర్ ధ్వనిని పోగుచేసుకునే తాత్కాలిక నిల్వ) 1024 శాంపిళ్లుంటే, మన గొంతు కంప్యూటర్లోకి వెళ్లి హెడ్‌ఫోన్‌లోకి తిరిగి రావడానికి కనీసం 43 మిల్లీసెకన్లు. వంత 15 మీటర్ల అవతల నిలబడ్డట్టే! బఫర్ 128కి తగ్గిస్తే 5 మిల్లీసెకన్ల పైచిలుకు. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ (గొంతు కంప్యూటర్లోకి వెళ్లకుండా నేరుగా వినిపించడం) ఉంటే మరీ మేలు. పాడేటప్పుడు బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం వద్దే వద్దు, వైరుదే పెట్టుకోండి. మిక్సింగ్‌లో బఫర్ మళ్లీ పెంచుకోవచ్చు.

ఫోన్‌లో వీడియో, కంప్యూటర్లో పాట విడిగా తీస్తున్నారా? రెండు గడియారాల మధ్య లక్షకు 5 వంతుల తేడా ఉన్నా గంటలో 0.18 సెకను జారుతుంది. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆ రెండు గుర్తులూ కలిసేలా ఒక ట్రాకును సాగదీస్తే చాలు.