జోరుగా పోవుడే కాదు, ఆగుడు కూడా కావాలె

మన కట్టంగూర్ పక్క నుంచే హైదరాబాదు - విజయవాడ పెద్దరోడ్డు పోతుంది. కూలికి పోయే అక్కలు ఆ రోడ్డు దాటాలి. సాయంత్రం గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని మళ్లీ దాటాలి. కార్లు రయ్యిన వస్తూనే ఉంటాయి.

"గంత జోరుగ ఎట్ల ఉరుకుతయే ఇవి?" అన్నది ఒక అవ్వ.

"వీటిని మించిన కారు ఇంకోటున్నదవ్వా! మన హైదరాబాదుకు గూడ వచ్చింది" అన్నది కోడలు.

ఆ కారు సంగతి మనమూ తెలుసుకుందాం.

ట్రాక్టర్ల కంపెనీ కారు

ఆ కారు పేరు బాటిస్టా. మహీంద్రా ట్రాక్టరు మనందరికీ తెలుసు. మన జహీరాబాదులో కూడా ఆ ట్రాక్టర్లు తయారవుతాయి. ఆ మహీంద్రా వాళ్లు ఇటలీ దేశంలోని పినిన్‌ఫరీనా కంపెనీని కొన్నారు. కార్లకు రూపు దిద్దడంలో అది పేరున్న కంపెనీ. దాన్ని స్థాపించిన ఆయన పేరు బాటిస్టా. ఆయన పేరే కారుకు పెట్టారు.

ఈ కారు ఇటలీలో తయారవుతుంది. 150కి మించి చేయబోమని కంపెనీ చెప్పింది. ధర 15 కోట్ల రూపాయల పైమాటే. అందులో కూర్చునేది మాత్రం ఇద్దరే!

2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన కరెంటు కార్ల పందెం జరిగింది. ఆ సమయంలోనే బాటిస్టాను తెచ్చి జనానికి చూపించారు.

కరెంటుతో పరుగు

ఈ కారుకు పెట్రోలు, డీజిలు అక్కరలేదు. నాలుగు చక్రాలకు నాలుగు కరెంటు మోటార్లు ఉంటాయి. నాలుగూ కలిపితే 1,900 హార్స్‌పవర్. మన ఊరి ట్రాక్టరు 40 హార్స్‌పవర్ అనుకుందాం. అటువంటి ట్రాక్టర్లు 47 కలిస్తే ఉండేంత బలం.

మీ ఇంటి కరెంటు బిల్లు తీసి చదవండి. నెలకు ఎన్ని యూనిట్లు కాలాయో చూడండి. ఈ కారు బ్యాటరీలో ఒక్కసారికే 120 యూనిట్లు పడతాయి.

కారు ఒళ్లు ఇనుప రేకుతో చేసింది కాదు. వెంట్రుక కంటే సన్నని కార్బన్ దారాలతో చేసింది. మన పోచంపల్లిలో బట్ట నేసినట్టే ఆ దారాలను గుడ్డలాగా నేస్తారు. దానికి జిగురు పట్టించి, అచ్చులో పెట్టి, వేడి చేస్తారు. అప్పుడది గట్టిపడుతుంది. బరువు తక్కువ, బలం ఎక్కువ.

2022 నవంబరులో మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గర ఈ కారును పరీక్షించారు. అక్కడ కార్ల పరీక్ష కోసమే కట్టిన రోడ్డు ఉంది. దాదాపు 400 మీటర్ల దూరం 8.55 సెకన్లలో పోయింది. అప్పటికి అది రికార్డు. 2023లో క్రొయేషియా దేశపు నెవెరా కారు దాన్ని దాటింది. బాటిస్టా మన దేశంలో గంటకు 357 కిలోమీటర్ల వేగం కూడా అందుకుంది.

ఆగేది ఎట్లా?

"ఉరుకుడు సరే. ఆగుడెట్ల?" అని అడిగింది అవ్వ.

మంచి ప్రశ్న. కారు చేసినవాళ్లు కూడా ఇదే ఆలోచించారు. రెండు అరచేతులు గట్టిగా రుద్దండి. వేడి పుడుతుంది కదా! బ్రేకు వేస్తే చక్రం దగ్గర కూడా అట్లాగే వేడి పుడుతుంది. అందుకే వేడికి తట్టుకునే కార్బన్, పింగాణీ వంటి పదార్థం కలిపి బ్రేకు పళ్లేలు చేశారు. కారు వెనక ఒక రెక్క ఉంటుంది. బ్రేకు వేస్తే అది పైకి లేస్తుంది. ఎదురుగాలిలో చాట అడ్డం పట్టినట్టు గాలిని ఆపుతుంది.

అందుకే గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేసినా బాటిస్టా 31 మీటర్లలో ఆగుతుంది.

మన రోడ్డు మీది కార్లకు అంత మంచి బ్రేకులు ఉండవు. లోడు లారీ ఇంకా దూరం పోయి గాని ఆగదు. పైగా డ్రైవరు మనల్ని చూసి బ్రేకు తొక్కేసరికే ఒక సెకను పడుతుంది. 100 వేగంలో ఆ ఒక్క సెకనులోనే కారు 28 మీటర్లు వస్తుంది. ఇంకోమాట. వేగం రెండింతలైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుంది.

మన లెక్క మనం వేద్దాం

రోడ్డులో ఒక సగం దాటడానికి మనకు 7 సెకన్లు పట్టిందనుకుందాం. ఆ 7 సెకన్లలో 100 వేగంతో వచ్చే కారు దాదాపు 200 మీటర్లు వస్తుంది. కరెంటు స్తంభానికీ స్తంభానికీ 50 మీటర్లు అనుకుంటే అది నాలుగు స్తంభాల దూరం. నెత్తిన మోపు ఉంటే 10 సెకన్లు పడుతుంది. అప్పుడు ఆరు స్తంభాల దూరం కావాలి. కారు అంతకన్నా దగ్గర ఉంటే ఆగుదాం. అది పోయినంక దాటుదాం.

కరెంటు బండ్లు ఇప్పుడు మన రోడ్ల మీదికీ వస్తున్నాయి. వాటికి ఇంజను చప్పుడు ఉండదు. చెవులను నమ్మి దాటవద్దు. రెండు దిక్కులా కళ్లతో చూసే దాటాలి.

"కోట్ల కారైనా ఆగనీకె జాగ కావాల్నన్నట్టు" అన్నది అవ్వ. "మనం ఒక్క గడియ ఆగితే పోయేదేమున్నది బిడ్డా!"

చెప్పండి:
1. బాటిస్టా కారు ఒళ్లు దేనితో చేశారు?
2. మీ ఇంట్లో నెలకు ఎన్ని యూనిట్ల కరెంటు కాలుతుంది? బిల్లు చూసి రాయండి.
3. మీ ఊరి వాళ్లు పెద్దరోడ్డు ఎక్కడ దాటుతారు? అక్కడ ఏమేమి కావాలి? అందరూ కూర్చుని మాట్లాడండి. పంచాయతీకి అర్జీ రాయండి.