పడవ గది నేల మనమే వేసుకుందాం
(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

ఇవాళ పచ్చళ్ళూ కావు, కుట్లూ అల్లికలూ కావు. పాత పడవ గదిలో పాడైన నేల తీసి కొత్తది వేసుకోవడం గురించి చెప్తాను. "అది వడ్రంగి పని కదమ్మా, మనకెందుకు?" అంటారేమో. మా అత్తగారి కాలు దిగబడేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

మాది గోదావరి లంకల పక్క ఊరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో ధాన్యం, కొబ్బరి, మనుషులూ కాలవల్లో పడవల మీద తిరిగేవారు. రోడ్లూ వంతెనలూ వచ్చి ఆ రాకపోకలు తగ్గాయి గాని, లంకపొలాలున్న మాబోటి వాళ్ళకి పడవ ఇంకా ఇంట్లో మనిషే. మాది మామగారినాటి కర్ర పడవ. మధ్యలో నలుగురు కూర్చునే చిన్న గది. ఆ గది నేల కిందే పడవ పొట్ట, అందులో ఊట నీరు చేరుతుంది.

కొన్నేళ్ళ కిందట ధర తక్కువని మామూలు ప్లైవుడ్ తెచ్చి, మేకులు కొట్టి బిగించి, పైన లినోలియం అంటించాం. చూడ్డానికి పెళ్ళివారి విడిదిలా ఉంది. రెండు వర్షాకాలాలు గడిచాయో లేదో, రేవులో పడవెక్కి గదిలో అడుగు పెట్టిన మా అత్తగారి కాలు మోకాలి దాకా దిగిపోయింది. దెబ్బ చిన్నదే. కాని అది నడి గోదాట్లో జరిగుంటే, ఆ కాలు పసిపిల్లదయుంటే? ఆ తలపు నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు.

నేల విప్పి చూస్తే తెలిసింది. కింద నీళ్ళున్నాయి గనక కుళ్ళిందనుకుంటాం కదా! పూర్తిగా నీట మునిగిన కర్రకి గాలి అందదు, అంత త్వరగా కుళ్ళదు. ఎండిన కర్రా కుళ్ళదు. తడిసి, ఆరడానికి వీల్లేని కర్రకే బూజు పట్టి కుళ్ళు వస్తుంది. మా కిటికీ మూలనుంచి వాననీరు కారి నేల కిందికి పోతోంది. పైన మేం అంటించిన లినోలియం ఆ తడిని మూతపెట్టినట్టు ఆపేసింది. అందుకే కొత్త పలక కొనేముందు గది కప్పు మీదా, కిటికీల మీదా నాలుగు బిందెల నీళ్ళు పోసి, ఎక్కడ కారుతోందో చూసుకోండి. అది మానకుండా నేల మార్చడం దండగ.

ఇక పని. పాత పలకలు తీసేముందు వాటిమీద సుద్దతో అంకెలు వేసి, సెల్‌ఫోనుతో ఫోటో తీసుకోండి. నీళ్ళు తోడేసి, గుడ్డతో ఒత్తి, తలుపులు తెరిచి కొన్ని రోజులు ఆరనివ్వండి. తర్వాత నేలను మోసే అడ్డ చెక్కల్ని స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడండి, ఉడికిన దుంపని పుల్లతో చూసినట్టే. మొన మెత్తగా దిగితే ఆ చెక్క మార్చాల్సిందే. పడవ ఒంటికి అంటుకున్న చెక్కలే మెత్తబడితే మాత్రం ఆగిపోయి, పడవలు కట్టే వడ్రంగిని పిలవండి. అక్కడ మన సాహసం పనికిరాదు.

కొలతకి పాత వార్తాపత్రికలు అతికించి నేలమీద పరిచి కత్తిరించండి. జాకెట్టుకి కుట్టు కోసం గుడ్డ కాస్త ఎక్కువ వదులుతాం. ఇక్కడ తిరకాసు, తక్కువ చెయ్యాలి. తడికి చెక్క ఉబ్బుతుంది గనక చుట్టూ 3, 4 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 710 ముద్ర చూసి కొనండి, అదే మెరైన్ ప్లైవుడ్. అడ్డ చెక్కల మధ్య దూరం అడుగున్నర లోపు ఉంటే 18 మిల్లీమీటర్ల మందం చాలు. మాకొక పెద్దాయన సిమెంటు పోయించమన్నారు. ఆ పని చెయ్యకండి. పడవలో ప్రతి కిలో లెక్కే, పైగా సిమెంటు కింద ఏం జరుగుతోందో కంటికి కనబడదు.

చెక్క నీళ్ళు తాగేది ముఖ్యంగా కోసిన అంచుల దగ్గర, మరమేకుల కన్నాల దగ్గర. అందుకని ముందే కోసి, కన్నాలు వేసి, ఉప్పుకాగితంతో రుద్ది, అడుగువైపూ అంచులూ కన్నాలూ అన్నిటికీ మూడు పూతలు ఎపాక్సీ గాని, మంచి వార్నిష్ గాని వెయ్యండి. ఇది గాలి ఆడే చోట, చేతులకి తొడుగులు వేసుకుని చెయ్యాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. ఇనుప మేకులు వద్దు. తుప్పుపట్టి చుట్టూ ఉన్న కర్రనీ తినేస్తాయి. ఏటి నీటికి ఇత్తడి మరమేకులు ఫరవాలేదు. సముద్రం దగ్గర ఉప్పు పాయల్లో తిరిగే పడవకి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి వాడాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. నేలంతా బిగించెయ్యకండి. నీళ్ళు చేరే చోట, ఇంజను దగ్గర పలకలు చేత్తో ఎత్తగలిగేలా ఉండాలి. వేలు పట్టే కన్నం ఒకటి, కదలకుండా తిరుగుడు గడియ ఒకటి పెడితే సరి. అడ్డ చెక్కల అడుగున నీళ్ళు పారే చిన్న తూములు మూసుకుపోకుండా చూడండి. జారకుండా ఉండటానికి ఆఖరి పూత తడిగా ఉండగానే సన్నటి పొడి ఇసుక చల్లండి, అదే చాలు.

నేనూ మా పెద్దబ్బాయీ కలిసి ఈ పని చేశాం. ఇప్పుడు వారానికోసారి పలకలెత్తి, తుడిచి, గాలి తగలనిస్తాను. ఇంట్లో గోలెం కడిగినట్టే ఇదీ ఒక పని అయిపోయింది. మా అత్తగారు మాత్రం ఇప్పటికీ గదిలో అడుగు పెట్టేముందు చేతికర్రతో నేలని రెండుసార్లు తట్టి చూసుకుంటారు. నేనేమీ అనను. ఆవిడ చేసేది మంచి పనే. మీ పడవలోనూ అలా తట్టి చూసుకోండి. డొల్లగా మోగితే ఆలస్యం చెయ్యకండి.