వడ్లగింజలో బియ్యపుగింజ

రహస్యమేమీ లేని సంగతిని తేల్చిపడేయడానికి 'వడ్లగింజలో బియ్యపుగింజ' అంటాం. ఆ గింజే శాస్త్రవేత్తలకు ఇరవై ఏళ్లుగా చేతినిండా పని పెడుతోంది.

ఒక వడ్లగింజను గోటితో ఒలిచి చూడండి. పడవల్లాంటి రెండు ఊక రేకులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, అంచులు కొక్కెం వేసినట్టు పట్టుకుని ఉంటాయి. గింజ కట్టకముందే, పూత నాటికే వాటి కొలత ఖాయమైపోతుంది. ఆ తర్వాతే గింజ పాలు పోసుకుని, గట్టిపడి, ఆ గూటిని నింపుతుంది. గూడు ఎంతో గింజా అంతే. అంచేత గింజ సైజు జన్యువులంటే చాలామటుకు ఊక జన్యువులే. ఊకలో కణాలు ఎన్ని పుట్టాలో, ఎంత సాగాలో తేల్చేవి అవి.

తమాషా ఏమిటంటే, వీటిలో పేరుపడ్డవి చాలావరకు బ్రేకులు. 2006లో చైనాలోని వూహాన్ శాస్త్రవేత్తలు పట్టుకున్న జీఎస్3 (రైతులైతే ఇంతకంటే మంచి పేరు పెట్టేవారు) గింజ పొడవును అదుపులో ఉంచుతుంది. పొడుగు గింజ రకాల్లో ఈ జన్యువులో ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారింది, 'సి' ఉండాల్సిన చోట 'ఎ'. దాంతో ప్రోటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. బ్రేకు తెగుతుంది, గింజ సాగుతుంది. బాస్మతి పొడవులోనూ ఈ ఒక్క అక్షరానికి వాటా ఉంది.

మరుసటి ఏడాది షాంఘైలో బయటపడ్డ జీడబ్ల్యూ2 వెడల్పుకి బ్రేకు. అది చెడిన మొక్కల్లో గింజ బరువు దాదాపు సగం పెరిగింది. మొక్క దిగుబడి మాత్రం ఐదో వంతే పెరిగింది, కంకికి గింజలు తగ్గాయి మరి. అసలు చిక్కు ఇదే. దుబ్బుకి ఎన్ని కంకులు, కంకికి ఎన్ని గింజలు, గింజకి ఎంత బరువు, ఈ మూడింటి గుణకారమే దిగుబడి. ఆకు వండే పిండిపదార్థం మాత్రం పెరగదు, ఒకచోట ఎక్కువ వడ్డిస్తే ఇంకోచోట తరుగు.

పైగా లావు గింజ మనకెందుకు? 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి వెయ్యి గింజలు తూస్తే సుమారు 15 గ్రాములే. అయినా అన్నంలోకి సన్నాలే కావాలంటాం. ఆ గింజను లావు చేస్తే అది సాంబ మసూరే కాదు.

ఇక మిగిలింది గింజల సంఖ్య. 2005లో జపాన్ పరిశోధకులు జీఎన్1ఎ అనే జన్యువును గుర్తించారు. కణ విభజనను పురిగొల్పే సైటోకైనిన్ హార్మోన్‌ను విరిచేసే ఎంజైమ్ దీని సరుకు. ఎంజైమ్ తగ్గితే లేత కంకిలో హార్మోన్ నిలుస్తుంది, పూలు ఎక్కువ పుడతాయి, పువ్వుకో గింజ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిలో సవరించింది ఈ జన్యువునే. బయటి జన్యువేదీ చేర్చలేదు. 2025 మేలో 'కమల' పేరుతో ప్రకటించిన ఆ రకం 19 శాతం ఎక్కువ దిగుబడి ఇస్తుందని సంస్థ చెప్పింది. ఆ అంకెలను ప్రశ్నించినవాళ్లూ ఉన్నారు. పొలాల్లో నాలుగు పంటలు పండాకే నేనైతే నమ్ముతాను.

ఎందుకంటే గింజలు పుట్టించడం వేరు, నింపడం వేరు. కంకిలో కొసన ఉన్నవి ముందు పండుతాయి. కింది రెమ్మలవి అప్పటికింకా పాల మీదే ఉంటాయి. ఆకు వండింది అక్కడిదాకా అందకపోతే అవి తాలు. తూర్పారబట్టినప్పుడు గాలికి పోయేవి అవే.